నాలుగోసారి అడిగితే

దుర్గారావు చదివే ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను ఇడ్లీపిండి పోసి ఆవిరిపట్టే పొట్టిక్కల కోసం పనసాకులు బుట్టలుగా కుడుతున్నాను. ఒకసారి వచ్చి వెళ్ళమన్నారు. ఎందుకని అడిగితే "కంగారేం లేదండి, మీరు రండి" అన్నారు. మా వైపు ఆ మాట చెవినపడితే ఎవరైనా చెప్పులు లేకుండానే పరిగెత్తుతారు. నేను మాత్రం ఉన్న ఆకులన్నీ కుట్టేసి, చీర మార్చుకుని వెళ్ళాను. సగం కుట్టిన పనసాకు మళ్ళీ అతుక్కోదు.

దుర్గారావు మా ఆడపడుచు రత్నం వదిన కొడుకు. వదిన కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తూ వాణ్ణి చదివిస్తోంది. వాడు అమలాపురంలో మా మేడమీద గదిలో ఉంటాడు. మూడో ఏడాది. వాళ్ళ నాన్న మాణిక్యాలరావు అన్నయ్యగారు లివర్ పాడై పోయారు. ఆయన గురించి ఇప్పటికీ ఎవరిని కదిపినా ఒకటే మాట: "చాలా మంచోడండీ. ఎవరి మాటా కాదనేవోడు కాదు." నిజమే. డాక్టరుగారు తాగుడు మానెయ్యమంటే ఆయన మాటా కాదనలేదు. "ఆయ్" అన్నారు. ఆసుపత్రి గేటు దాటాక ఎదురుపడ్డ స్నేహితుడి మాట కూడా కాదనలేదు.

కాలేజీలో ప్రభాకరరావు మాస్టారు నన్ను కూర్చోబెట్టి, ముందు మంచినీళ్ళు తెప్పించారు. ఆయన ఫిజిక్స్ చెబుతారు, మత్తు నివారణ కమిటీ బాధ్యత కూడా ఆయనదే. చెడువార్త చెప్పాలంటే ఆయనకి మనకంటే ఎక్కువ బాధ.

"శుక్రవారం సీనియర్లు కొందరు పిల్లల్ని ఓడలరేవు బీచికి తీసుకెళ్ళేరండి. మీవోడు తిరిగొచ్చేక ప్రిన్సిపాల్‌గారి కారు దగ్గర వాంతి చేసుకున్నాడండి."

"కారు దగ్గరా, కారు మీదా?"

"దగ్గరేనండి," అని కొంచెం ఆగారు. "డోరు తీసుందండి."

నేను మంచినీళ్ళు తాగాను.

"మొదటిసారి కాబట్టి హెచ్చరికతో వదిలేమండి. ఇంకోసారి జరిగితే ఏడాది సస్పెన్షన్. అమ్మగారికి కువైట్ కబురెట్టాలి కూడానండి. అది నా చేతుల్లో ఉండదు."

వదినకి ఆ కబురు వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. చేస్తున్న పని వదిలేసి దొరికిన విమానం ఎక్కేస్తుంది. ఒకసారి ఈ కథ మొత్తం చూసిన మనిషి. రెండో భాగం చూసే ఓపిక ఆవిడకి లేదు.

మా ఆయన సుబ్రహ్మణ్యేశ్వరరావు అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేస్తారు. కాలేజీకి ఫ్యాన్లు ఇచ్చారు కాబట్టి అన్ని కమిటీల్లోనూ తల్లిదండ్రుల తరఫు సభ్యులు, మత్తు నివారణతో సహా. మీటింగులకి నేను వెళ్తాను. సంగతి చెప్పగానే ఆయనకి కోపం వచ్చింది.

"సముద్రం ఒడ్డున, ఇసకలో కూచునా? ఓ పద్ధతీ పాడూ ఉండక్కర్లేదా?"

కోపం ఇసకమీదో, తాగడంమీదో అప్పుడు నేను ఆరా తీయలేదు.

సాయంత్రం దుర్గారావుని వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టాను. వాడు ఆరడుగులుంటాడు. పీట మీద కూర్చుంటే మోకాళ్ళు చెవుల దగ్గరికొస్తాయి. అలాంటప్పుడు మనిషి అబద్ధం చెప్పలేడు.

"ఎందుకు తాగేవురా?"

"అడిగేరత్తా."

"వద్దనలేకపోయావా?"

"అన్నాను. మూడుసార్లన్నాను."

"మరి?"

"నాలుగోసారి అడిగేరు."

వాడు సమర్థించుకోవడం లేదు. వర్షం పడింది కాబట్టి తడిసేను అన్నట్టు చెప్పాడు.

"ఇదే మొదటిసారా?"

"కాదత్తా."

"మొదటిసారి పోసిందెవరు?"

వాడు అటక మీదున్న ఇత్తడి బిందెల వైపు చూశాడు. "పెద్దాళ్ళ పేరు చెప్పకూడదత్తా."

పెద్దాళ్ళంటే ఫైనలియర్ వాళ్ళనుకున్నాను.

ఆ తర్వాతి వారం కాలేజీలో అవగాహన సదస్సు పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక కౌన్సిలర్ మేడమ్ వచ్చారు. బాగా చదువుకున్న మనిషి, చక్కగా మాట్లాడారు. గంజాయి మెదడుని ఏం చేస్తుందో, మందు కాలేయాన్ని ఏం చేస్తుందో తెర మీద బొమ్మలు చూపించారు. కాలేయం బొమ్మ వచ్చినప్పుడు దుర్గారావు తల దించుకున్నాడు. ఆ బొమ్మ వాడు ఇంట్లోనే చూశాడు.

చివర్లో మేడమ్ దీనికంతటికీ మందు చెప్పారు. ఎవరైనా మత్తు పదార్థం ఇవ్వబోతే, ఒకటి, కళ్ళలోకి చూడాలి. రెండు, స్పష్టంగా 'నో' అనాలి. మూడు, అవసరమైతే మూడుసార్లు అనాలి. హాలంతా నో, నో, నో అని వల్లించింది. ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయి.

ఆ తర్వాత స్టాఫ్ రూమ్‌లో ఫలహారం. ప్రభాకరరావు మాస్టారు గారెల పళ్ళెంతో మేడమ్ ముందు నిలబడ్డారు. తల్లిదండ్రుల తరఫున నేనూ, కుర్చీలు సర్దే పనిమీద దుర్గారావూ అక్కడే ఉన్నాం.

"వద్దండీ, ఇప్పుడే టిఫిన్ అయింది," అన్నారు మేడమ్.

"ఆయ్. అదెప్పుడో పొద్దుటిది కదండీ."

"అయ్యో, నిజంగా వద్దండీ."

"మా ఆవిడ సుందరి స్వయంగా వేసిందండి. మీరొస్తున్నారని నిన్న రాత్రే పప్పు నానేసిందండి."

"నూనె పడదండీ నాకు."

"ఇది మా కొబ్బరినూనండి. పడుతుందండి."

మూడు నోలూ అయిపోయాయి. కళ్ళలోకి చూడటం కూడా అయింది. నాలుగోసారి మాస్టారు ఏమీ అనలేదు, పళ్ళెం ఇంకాస్త ముందుకి జరిపారంతే. మేడమ్ గారె తీసుకున్నారు. తర్వాత ఇంకోటి. తర్వాత పూతరేకు.

దుర్గారావు చేతిలో కుర్చీ పట్టుకుని నావైపు చూశాడు.

మా కోనసీమలో పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. మొదటి వద్దు మర్యాదకి. రెండోది మన పెంపకం ఎలాంటిదో తెలియడానికి. మూడోది పెట్టేవాళ్ళ కోసం, బతిమాలే సరదా వాళ్ళకి మిగల్చాలి కదా. నాలుగోసారికి తినాలి. మొదటిసారికే ఒప్పుకున్నవాడు కరువులోంచి వచ్చినవాడు. రెండు వద్దులకే పెట్టడం మానేసినవాడు పిసినారి. ఇంత క్రమశిక్షణ ఉన్న చోటికొచ్చి ఆవిడ మా పిల్లలకి మూడుసార్లు వద్దనమని చెప్పి వెళ్ళింది. అంటే, సక్రమంగా నాలుగోసారికి తాగమని.

మర్నాటి నుంచి ఇంట్లో క్లాసులు మొదలుపెట్టాను. నేను బీఎస్సీ బోటనీ. కౌన్సిలింగ్ చదవలేదు. కానీ బతిమాలి పెట్టడంలో మా పుట్టింటి పేరు చెడగొట్టలేదు. వాడు కంచం ముందు కూర్చుంటే నేను గరిటెతో నిలబడేదాన్ని.

"వద్దత్తా. కడుపు నిండిపోయింది."

"నిండితే చారన్నం కలుపుకో. కిందకి దిగుతుంది."

"వేడి చేసిందత్తా."

"అయితే పెరుగు."

"చదువుకోవాలి, నిద్దరొస్తుంది."

"అందుకే రెండు ముద్దలు ఎక్కువ తిను. ఖాళీ కడుపుతో చదివితే ఏం నిలుస్తుంది?"

వాడు తిన్నాడు. రెండు రోజులయ్యేసరికి తప్పెక్కడుందో కనిపెట్టాను. వీడు కారణాలు చెబుతున్నాడు. కారణం చెప్పావంటే జుట్టు అందించినట్టే. నువ్వు చెప్పే ప్రతి కారణానికీ పెట్టేవాళ్ళ దగ్గర ఒక వైద్యం ఉంటుంది.

"కారణం చెప్పకు. ఉత్తి వద్దు. అంతే."

"వద్దు," అన్నాడు.

నేను గరిటె వెనక్కి తీశాను.

"చెంపమీద కొట్టినట్టుంది కదత్తా."

"ఉంది. మళ్ళీ అను."

అలా అంటూ అంటూ వాడికి నోరు తిరిగింది. ఇంట్లో పాసైతే చాలదు కదా, పరీక్షకి రాజోలు తీసుకెళ్ళాను. అక్కడ మా సీతారత్నం పిన్ని ఉంది. ఆవిడ ఇంట్లో అడుగుపెట్టినవాడు తినకుండా బయటికి రావడం ఇంతవరకు జరగలేదు. కరెంటు బిల్లు కొట్టడానికొచ్చినవాళ్ళు కూడా అరిటాకు ముందు కూర్చుని లేస్తారు.

దుర్గారావు మొదటి వద్దు బాగానే అన్నాడు. కారణం చెప్పలేదు. రెండోది కూడా. పిన్ని గిన్నె కిందపెట్టి వాడి మొహంలోకి చూసింది.

"ఏం నాయనా, మా ఇంట్లో తినకూడదా? మేం కానివాళ్ళమా? మీ నాన్న మారాజు. ఈ గుమ్మంలోకొస్తే ఏనాడూ నా చెయ్యి వెనక్కి పంపలేదు."

తర్వాత జరిగింది పరీక్ష కాదు, భోజనం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు వాడికే ఇచ్చాను.

"నోటితో అవ్వట్లేదత్తా," అన్నాడు వాడు, కిటికీలోంచి మొహం తిప్పకుండానే. "నాన్న పేరు తీసేరు. ఇంక నోరు రాలేదు."

నేను దారి పొడుగునా ఆలోచించాను. పిన్ని గరిటె ఎప్పుడైనా ఆగిందా? ఆగింది. బంతిలో ఎవరైనా విస్తరి మడిచేస్తే ఆగుతుంది. మా వైపు నోటితో చెప్పిన వద్దుకి విలువ లేదుగానీ, మడిచిన విస్తరికి ఉంది. ఆకు తనవైపుకి మడిచి లేచినవాడికి ఇంక దేవుడొచ్చినా వడ్డించడు. వడ్డిస్తే వడ్డించినవాడిది తప్పు.

మళ్ళీ ఆదివారం రాజోలు వెళ్ళాం. దుర్గారావు తనకి కావలసింది తిన్నాడు. పిన్ని పాయసం గిన్నె తెచ్చేలోగా విస్తరి మడిచి లేచాడు.

"ఆకు మడిచేసేవేంట్రా, పాయసం రాకుండానే?"

"చాలండి అమ్మమ్మా. చాలా బాగుందండి."

పిన్ని పాయసంతో అలా నిలబడిపోయింది. మడిచిన ఆకులో వడ్డించకూడదని మా అందరికీ చిన్నప్పుడు నేర్పింది ఆవిడే. కాసేపటికి నావైపు తిరిగింది.

"ఏం పెంపకమే ఇది?"

"కొత్త సిలబస్ పిన్నీ," అన్నాను. ఆ పాయసం నేను తాగాను. ఎవరో ఒకరు తాగాలి కదా.

బస్సులో వాడికి అనుమానం వచ్చింది. "గ్లాసుకి విస్తరుండదు కదత్తా?"

"బోర్లించొచ్చు," అన్నాను.

సీనియర్ల ఫేర్‌వెల్ ఊరవతల ఒక కొబ్బరి తోటలో పెట్టుకున్నారు. వెళ్ళొద్దని నేననలేదు. జీవితమంతా తోటల్లోకి వెళ్ళకుండా కోనసీమలో ఎక్కడ బతుకుతాడు? సాయంత్రం దీపాలు పెట్టే వేళకే వాడు ఇంటికొచ్చేశాడు. తిన్నగా నడిచాడు. దగ్గరికొచ్చి నిలబడి, అడక్కుండానే నోరు తెరిచి ఊదాడు. ఉల్లిపాయ వాసన.

"గ్లాసు బోర్లించేను. 'ఏంట్రా' అన్నారు. ఏం చెప్పలేదు. మళ్ళీ అడిగేరు. గ్లాసు మీద చెయ్యెట్టుకు కూచున్నాను. కాసేపు చూసి, నా బిర్యానీలో ముక్కలు తీసుకుని వదిలేసేరు."

"అంతేనా?"

"తర్వాత ఓ సిగరెట్టు తిప్పేరు. అది సిగరెట్టు కాదత్తా."

"దాన్ని బోర్లించలేవు కదా."

"అందుకే లేచొచ్చేసేను. షైనీ స్కూటీ మీద దింపింది."

షైనీ ఎవరని నేనడగలేదు. మా కమిటీ పరిధిలోకి అది రాదు.

గట్టెక్కామనుకున్నాను. మా ఆయన స్నేహితులు పాపారావుగారికి ఐ.పోలవరంలో రొయ్యల చెరువులున్నాయి. ఆ మరుసటి నెలలో వాళ్ళ అమ్మాయి నిశ్చితార్థం పెట్టుకున్నారు. కాలేజీకి సెలవు, దుర్గారావునీ తీసుకెళ్ళాం.

మా వైపు ఏ శుభకార్యానికైనా పైన ఒక గది ఉంటుంది. శుభలేఖలో వెయ్యరు, అయినా అందరికీ తెలుసు. మగవాళ్ళు ఒక్కొక్కరే ఫోన్ వచ్చినట్టు నటిస్తూ మేడెక్కుతారు. కింద మేం రొయ్యల వేపుడు చేసి పళ్ళేల్లో పైకి పంపుతాం. పైన ఏం జరుగుతోందని ఎవరూ అడగరు. ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు.

ఆ మధ్యాహ్నం పళ్ళెం పట్టుకెళ్ళే మనిషి కనబడక నేనే మేడెక్కాను. తలుపు సగం తీసి ఉంది. పాపారావుగారూ, ఇంకో నలుగురూ మంచాల మీద కూర్చున్నారు. మధ్యలో మా ఆయన, ఎదురుగా దుర్గారావు. వాణ్ణి పైకి పిలిపించింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. మా ఆయన చేతిలో సీసా ఉంది. చాలా ప్రేమగా ఉన్నారు. ఆయన ఎప్పుడూ ప్రేమగానే ఉంటారు.

"పట్టరా. సముద్రం ఒడ్డునా, తోటల్లోనా ఏవిటి, దొంగల్లాగా? తాగితే మనోళ్ళ మధ్యలో, మర్యాదగా తాగాలి. కొత్తపేట పెళ్ళిలో నేను పోస్తే తాగలా?"

పెద్దాళ్ళ పేరు ఎందుకు చెప్పకూడదో నాకు గుమ్మంలోనే తెలిసింది. పళ్ళెం వేడిగా ఉంది. అలాగే పట్టుకున్నాను.

"వద్దు మావయ్యా," అన్నాడు దుర్గారావు.

"ఓ చుక్కేరా."

"వద్దండి."

"పాపారావుగారు ఏవనుకుంటారు? వారి ఇంట్లో శుభకార్యం."

"నేనేవనుకోనండి," అన్నారు పాపారావుగారు. "కానీ బాబూ, పెద్దాయన అంతలా అడుగుతుంటే..."

"వద్దండి."

మూడూ అయిపోయాయి. గదిలో అందరికీ ఆ లెక్క తెలుసు. అందుకే అందరూ తేలిగ్గా నవ్వుతూ వాడి గ్లాసు వైపు చూస్తున్నారు. మా ఆయన సీసా వంచబోతూ ఆగారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అది నటన కాదు. బావగారంటే ఆయనకి ప్రాణం.

"మీ నాన్న," అన్నారు, "నా చేతి గ్లాసు ఏనాడూ కాదనలేదురా."

దుర్గారావు మొహం ఎత్తి ఆయన కళ్ళలోకి చూశాడు. సదస్సులో చెప్పింది అదొక్కటే వాడు ఉపయోగించుకున్నాడు.

"ఆయ్," అన్నాడు. "నాకు తెలుసు మావయ్యా."

గ్లాసు బల్ల మీద బోర్లించాడు. చప్పుడు కాకుండా, మెల్లిగా. లేచి, అందరికీ దణ్ణం పెట్టి, గుమ్మంలో నా చేతిలోని పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టి, కిందికి దిగిపోయాడు. వాడు కారణం చెప్పలేదు. చెప్పాల్సిన కారణం మావయ్యే చెప్పేశారు.

సీసా వంపు అలాగే ఉంది. కింద బోర్లించిన గ్లాసు ఉంది. అందులో ఎవరూ పొయ్యలేరు.

"రొయ్యలు చల్లారిపోతాయండి," అన్నాను. "ఉప్పు చూసుకోండి."

తిరుగు ప్రయాణంలో కారులో మా ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. దుర్గారావు ముందు సీట్లో కూర్చుని డ్రైవరుతో క్రికెట్ మాట్లాడాడు. ఇంటికొచ్చాక పొట్టిక్కలు వేసి, కొబ్బరి పచ్చడి చేసి కంచాలు పెట్టాను. దుర్గారావు తిని మేడమీదికి పోయాడు. మా ఆయన కంచం ముందు కూర్చుని గోడ వైపు తిరిగారు.

"నాకేం వద్దు."

పెళ్ళయిన దగ్గర్నుంచీ అలిగినప్పుడల్లా ఆయన ఈ మాట అంటారు. నేను బతిమాలతాను. నాలుగోసారికి తింటారు. ఆ సాయంత్రం నేను "అలాగేనండి" అని కంచం తీసేశాను. పొట్టిక్కల గిన్నె మీద మూత పెట్టి, వరండాలో కూర్చుని మర్నాటికి మల్లెపూలు కట్టుకోవడం మొదలుపెట్టాను.

మూర కట్టేసరికి ఆయన గుమ్మంలోకొచ్చారు.

"తీసేసేవేంటి?"

"వద్దన్నారు కదండీ."

"అంటే?"

"వద్దంటే వద్దనే కదండీ. మనింట్లో ఇప్పుడు అదే పద్ధతి."

ఆయన మేడమెట్ల వైపు చూశారు. పైన దుర్గారావు ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. తిన్నానమ్మా, పొట్టిక్కలమ్మా, అంటున్నాడు.

"కొత్తపేట సంగతి వాడు నీకు ముందే చెప్పేడా?"

"లేదండి. పెద్దాళ్ళ పేరు చెప్పకూడదన్నాడు."

నేను ఇంకో రెండు పూలు కట్టాను.

"ఆకలేస్తోంది," అన్నారు. "పెట్టు."

పెట్టాను. తిన్నారు. ఇంకోటి వెయ్యబోతే "వద్దు" అని, అంతటితో ఆగకుండా కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టేశారు. ఆ సింకు ఎక్కడుందో ఆయనకి తెలుసునని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత సఖినేటిపల్లిలో మా ఆయన వైపు చుట్టాలింట్లో పెళ్ళి జరిగింది. పైగది మామూలే. వేపుడు పళ్ళేలూ మామూలే. అయితే తలుపు దగ్గర మా ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాలేజీ చదివే కుర్రాళ్ళు నలుగురైదుగురు, దుర్గారావు ఈడువాళ్ళు, ఫోన్ వచ్చినట్టు నటిస్తూ మేడెక్కారు.

"కింద బంతి వేస్తున్నారు, పోండి," అన్నారు ఈయన.

"ఊరికే చూసెళ్తాం బాబాయ్," అన్నారట. వద్దన్నారు. ఇంకోసారి అడిగారట. వద్దన్నారు. "మీరు కూడా ఇలాగంటే ఎలా బాబాయ్" అని మూడోసారి. అదీ అయింది. పద్ధతి తెలిసిన పిల్లలు కాబట్టి నాలుగోసారి కూడా అడిగారు.

ఆయన లేచి, కుర్చీ లోపలికి లాక్కుని, తలుపేసి గడియ పెట్టుకున్నారు.

లోపల కూర్చుని ఆయన ఏం చేశారని నేనడగలేదు. ఈ కొత్త సిలబస్‌లో ఆయనకింకా మొదటి ఏడాదే.